పిల్లాడి మందుల బిల్లు తగ్గాలంటే ముందు చీటీ మారాలి

ప్రశ్న: మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్న ఒకావిడ అడిగారు. పదకొండేళ్ళ బాబుకి సెరిబ్రల్ పాల్సీ, దానితో పాటు ఫిట్స్. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం వేశారు. నెలకి మందులకే ఎనిమిదిన్నర వేలు దాటుతోంది. భర్తది ప్రైవేటు ఉద్యోగం, కంపెనీ ఇన్సూరెన్సు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. జనరిక్ మందులు వాడొచ్చా, ఆంధ్రా కార్డులతో బెంగళూరులో ఏమైనా ఉపయోగం ఉందా అన్నవి ఆవిడ ప్రశ్నలు. మందుల చీటీని, ఒక్కోదానికి అవుతున్న ఖర్చును కూడా రాశారు.

సమాధానం:

అమ్మా, మీరు పెట్టిన చీటీ నిదానంగా చదివాను. నేను బెంగళూరులోనే ఆసుపత్రి మందుల కౌంటర్లో చాలా ఏళ్ళు పనిచేసిన ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఏది ఆపాలో ఏది మార్చాలో తేల్చాల్సింది మీ న్యూరాలజిస్టే. ఆయన్ని ఏమడగాలో నేను చెప్పగలను. జనరిక్ సంగతికీ కార్డుల సంగతికీ తర్వాత వస్తాను. ముందు చీటీ లెక్క తేలాలి, ఎందుకంటే మీ డబ్బులో దాదాపు సగం అసలు మందులకి పోవడం లేదు.

మీ చీటీలో తొమ్మిది ఉన్నాయి. ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్ సిరప్పు, వాల్ప్రోయేట్ సిరప్పు. కండరాల బిగుతుకి బాక్లోఫెన్. చేతులు మెలితిరగడానికి ట్రైహెక్సీఫెనిడిల్. విటమిన్ డి. గ్యాస్‌కి ఒక పొడి ప్యాకెట్టు. మలబద్ధకానికి లాక్టులోజ్. ఇక చివర్లో సిటికోలిన్, పిరాసెటమ్ కలిపిన సిరప్పు ఒకటి, డబ్బాలో వచ్చే ప్రోటీన్ పొడి ఒకటి. మీరు రాసిన ధరలే కూడితే ఈ చివరి రెండింటికే నాలుగు వేలు దాటింది.

ఆ సిరప్పును మన వాళ్ళందరూ బ్రెయిన్ టానిక్ అంటారు. పిల్లాడి మెదడు బాగవుతుందంటే ఏ తల్లి వద్దంటుంది? కానీ సెరిబ్రల్ పాల్సీ అంటే మెదడు ఎదిగే వయసులో ఒకసారి తగిలిన దెబ్బ. ఆ దెబ్బని ఈ సిరప్పులు మాన్పుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు. చాలా చీటీల్లో ఇది ఎలా చేరుతుందో కౌంటర్లో కూర్చుని చూశాను. ఎప్పుడో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఎవరో ఒక డాక్టరు ఓ నెలకని రాస్తారు. తర్వాత చూసిన ప్రతి డాక్టరూ పాత మందులే కొనసాగించండి అని ఒక్క ముక్క రాసి సంతకం పెడతారు. అలా నెల మందు ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు "సార్, ఈ సిరప్పు దేనికోసం, రెండు మూడు నెలలు ఆపి చూడొచ్చా?" అని నేరుగా అడగండి. చాలామంది డాక్టర్లు ఆ ప్రశ్న విన్నాక వాళ్ళే కొట్టేస్తారు. తెలుగులో అడిగినా ఫర్వాలేదు, ఈ ఊళ్ళో సగం మందికి అర్థమవుతుంది.

ప్రోటీన్ పొడి సంగతి కొంచెం వేరు. ఇలాంటి పిల్లలు నమలలేక, మింగలేక సన్నబడతారు, కాబట్టి బలం అవసరమే. అయితే ఆ డబ్బా వెనక తిప్పి చూడండి. ప్రోటీన్ ఎంత ఉందో, చక్కెర ఎంత ఉందో రాసి ఉంటుంది. రాగి జావలో మెత్తగా దంచిన వేరుశనగ పొడి, గుడ్డు, పప్పు, నెయ్యి, ఇవి మీకు నేను చెప్పాలా? ఎంత చిక్కగా ఉండాలి, ఎంత మెత్తగా ఉండాలి అన్నది మాత్రం మింగడం చూసే థెరపిస్టునో డైటీషియన్నో అడిగి చేయండి. పొలమారిందంటే తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా పట్టుకుంటుంది. బరువు మరీ తక్కువుంటే డైటీషియన్ పొడి ఉంచమనే చెప్పొచ్చు, అప్పుడు ఉంచండి. అయితే దాన్ని కిరాణా ఖర్చులో వేసుకోండి. చట్టం లెక్కలో కూడా అది ఆహారమే, మందుల ధరల నియంత్రణ దానికి వర్తించదు.

అన్ని విటమిన్లూ వృథా అని నేననడం లేదు. నడవని పిల్లలకి, ఏళ్ళ తరబడి ఫిట్స్ మందులు వాడే పిల్లలకి ఎముకలు బలహీనపడతాయి. విటమిన్ డి కొనసాగించండి, అదేమంత ఖరీదు కాదు. గ్యాస్ పొడి మాత్రం ఇంకా కావాలా అని అడగండి. అది కూడా మొదలుపెట్టడమే గానీ ఆపడం ఎవరికీ గుర్తుండని మందు.

ఇప్పుడు ఖర్చు తగ్గే రెండో చోటు, మందు ఏ రూపంలో ఉందన్నది. లెవెటిరాసెటమ్ సిరప్పు పూటకి 5 ఎం.ఎల్ చొప్పున రెండు పూటలు ఇస్తున్నారు. ఆ సిరప్పులో ఒక ఎం.ఎల్‌కి 100 మిల్లీగ్రాములుంటుంది. అంటే రోజుకి 1,000 మిల్లీగ్రాములు, నెలకి 300 ఎం.ఎల్, మూడు సీసాలు. అదే మోతాదు 500 మాత్రల్లో అయితే రోజుకి రెండు, నెలకి పది మాత్రల స్ట్రిప్పులు ఆరు. మీ దగ్గర షాపులో మూడు సీసాలకి ఎంత, ఆరు స్ట్రిప్పులకి ఎంత అని అడిగి చూడండి, ఆ తర్వాత అవే ఆరు స్ట్రిప్పులు జన్ ఔషధిలో (కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే చౌక మందుల షాపు) ఎంతో అడగండి. ఆ మూడు అంకెలు పక్కపక్కన రాసుకుంటే నేను చెప్పేది మీకే తెలుస్తుంది. మామూలు లెవెటిరాసెటమ్ మాత్రను పొడి చేసి కొంచెం నీళ్ళలో కలిపి ఇవ్వొచ్చు, చేదుగా ఉంటుంది అంతే. కానీ అన్నం మొత్తంలో కలపకండి. సగం వదిలేస్తే ఎంత మందు లోపలికి పోయిందో తెలీదు. రెండు చెంచాల అరటిపండు గుజ్జులో కలిపి ముందు అది తినిపించి, తర్వాత అన్నం పెట్టండి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. వాల్ప్రోయేట్ మాత్రలు చాలా వరకు మెల్లగా కరిగే రకం, పేరు చివర సీఆర్ అనో క్రోనో అనో ఉంటుంది. కడప నుంచి వచ్చిన ఒక తండ్రి సిరప్పు ఖరీదని అలాంటి మాత్ర కొని, రోజూ కల్వంలో నూరి పెరుగన్నంలో పెడుతున్నాడు. పిల్ల పొద్దున్నంతా మత్తుగా పడుకుంటోంది, తెల్లవారుజామున ఫిట్స్ వస్తున్నాయి. రోజంతా నెమ్మదిగా కరగాల్సిన మందు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్ళి, రాత్రికి అయిపోతోంది. ఆయన తప్పేం లేదు, షాపులో ఎవరూ చెప్పలేదు. కాబట్టి మీ బాబు మాత్ర మింగలేకపోతే వాల్ప్రోయేట్ సిరప్పుగానే ఉండనివ్వండి. పక్కింటివాళ్ళు చెప్పారని, షాపువాళ్ళు చెప్పారని సీఆర్ మాత్ర నూరకండి.

మాత్ర బలం కూడా చూడాలి. బలం రెట్టింపైనా ధర సాధారణంగా రెట్టింపు కాదు. బాక్లోఫెన్ 5 మిల్లీగ్రాములు రాశారనుకోండి, మధ్యలో గీత ఉన్న 10 మాత్రను సగం చేసి వాడొచ్చా అని అడగండి. గీత లేని మాత్రని విరవకండి. ఏది ఎలా ఉన్నా బాక్లోఫెన్ని డబ్బుల్లేవని ఒక్కసారిగా ఆపొద్దు. ఉన్నట్టుండి మానేస్తే బిగుతు విపరీతంగా పెరుగుతుంది, ఫిట్స్ వస్తాయి, పిల్లలు లేనిపోనివి కనిపిస్తున్నాయని భయపడతారు. నెలాఖరులో చేతిలో డబ్బు తక్కువైతే వదిలేయాల్సినవి బ్రెయిన్ టానిక్ సిరప్పు, ప్రోటీన్ పొడి. ఫిట్స్ మందులూ బాక్లోఫెనూ కాదు. చాలా ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. టానిక్ ఆపితే పిల్లాడికి అన్యాయం చేసినట్టనిపించి, "ఫిట్స్ రావట్లేదుగా" అని ఫిట్స్ మందు ఒక పూట తగ్గిస్తారు.

ఇక జనరిక్. షాపుల్లో జనరిక్ అని ఇచ్చేవి రెండు రకాలు, జనం వీటిని ఒకటే అనుకుంటారు. ఒకటి జన్ ఔషధి కేంద్రంలో దొరికేది. అక్కడ మందు పేరే ముద్రిస్తారు, ధర కూడా దాని మీదే ఉంటుంది, బ్రాండు మందుతో పోలిస్తే సగానికీ పదోవంతుకీ మధ్యలో పడుతుంది. 2025 ప్రారంభానికే దేశంలో ఈ కేంద్రాలు 15,000 అయ్యాయి. రెండోది ప్రైవేటు షాపులో "జనరిక్ ఇవ్వమంటారా" అని తీసే స్ట్రిప్పు. దాని ఎంఆర్‌పీ పేరున్న బ్రాండుకి దగ్గర్లోనే ఉంటుంది, షాపువాళ్ళకి మాత్రం అందులో పావు వంతుకే పడిన బిల్లులు నేను చాలా చూశాను. మీకు ముప్ఫై శాతం డిస్కౌంటు ఇచ్చామంటే మీరు సంతోషపడతారు, మిగతాదంతా గల్లాపెట్టెలోకి పోతుంది. మందు చెడ్డదని కాదు, ఆ తగ్గింపు మీదాకా రావడం లేదని. బోర్డు మీద డిస్కౌంటు శాతం ఎంత రాశారన్నది చూడకండి, మీ చేతి నుంచి ఒక్కో మాత్రకి ఎంత పోతోందో చూడండి.

ఫిట్స్ మందులకి జనరిక్ వాడొచ్చా అంటే, వాడొచ్చు, రెండు షరతులతో. మార్చే ముందు న్యూరాలజిస్టుకి చెప్పాలి. మార్చాక అదే తయారీదారు మందు మీద నిలబడాలి. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఆన్‌లైన్లో ఏది చౌకైతే అది, ఊరెళ్ళినప్పుడు ఇంకొకటి, ఇలా తిప్పడమే అసలు ప్రమాదం. ఫినిటోయిన్ లాంటి మందుకైతే రక్తంలో కొద్ది తేడా వచ్చినా మత్తో ఫిట్సో వస్తాయి. లెవెటిరాసెటమ్ దానికంటే చాలా నయం. బాబుకి ఏడాదిగా ఫిట్స్ రాకుండా ఉంటే, పాత బ్రాండు మీద నిలకడగా ఉంటే, డాక్టరు "దాన్ని కదిలించకండి" అనొచ్చు. అప్పుడు ఆయన మాట వినండి. ఆ ఒక్కటీ బ్రాండుగానే ఉంచి, బాక్లోఫెన్, గ్యాస్ మందు, విటమిన్ డి లాంటివి జన్ ఔషధిలో తీసుకోండి. స్ట్రిప్పు వెనక ఉన్న తయారీదారు పేరును ఫోటో తీసి పెట్టుకోండి, మళ్ళీ కొనేటప్పుడు పోల్చుకోవడానికి. జన్ ఔషధిలో కూడా తయారీదారు మారుతుంటారు, అది గమనించేవాళ్ళు తక్కువ. జన్ ఔషధి సుగమ్ అని ఒక యాప్ ఉంది, మందు పేరు కొడితే ధర, దగ్గర్లోని కేంద్రం చూపిస్తుంది. సరుకు ఉందో లేదో మాత్రం ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. ఒక్కటే స్ట్రిప్పు మిగిలినప్పుడు కాకుండా పదిహేను రోజుల మందు చేతిలో ఉండగానే వెళ్ళండి. కర్ణాటకలో ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణల్లో ఉన్న జన్ ఔషధి కేంద్రాలను మూసేయాలని 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, అది హైకోర్టు దాకా వెళ్ళింది. బయట వీధుల్లో ఉన్నవాటికి దానితో సంబంధం లేదు.

షాపువాళ్ళే మార్చి ఇవ్వొచ్చుగా అంటారేమో. షెడ్యూల్ హెచ్ మందుకి (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు) చీటీలో బ్రాండు రాసి ఉంటే దాని బదులు ఇంకొకటి ఇచ్చే అధికారం ఫార్మసిస్టుకి లేదు, ఔషధ నిబంధనల్లో 65వ నిబంధన అది. ఇస్తున్నారంటే నిబంధన దాటి ఇస్తున్నారు. అందుకే డాక్టరు చేత మందు పేరే రాయించుకోవాలి. పెద్ద అక్షరాల్లో అర్థమయ్యేలా జనరిక్ పేరు రాయాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలో 2016లోనే చేర్చారు. ఇది అడగడానికి మొహమాటపడకండి. "సార్, జన్ ఔషధిలో కొనుక్కుంటాం, మందు పేరు రాసివ్వండి" అంటే చాలు. ఇంకో మాట. డాక్టరు చూసిన ఆసుపత్రిలోని షాపులోనే కొనాలన్న రూలు ఎక్కడా లేదు. చీటీ మీది, దాన్ని ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు.

ధరల నియంత్రణ గురించి కూడా తెలుసుకోండి, క్లుప్తంగానే చెప్తాను. 2022 అత్యావశ్యక మందుల జాబితాలో 384 మందులున్నాయి. ఆ జాబితాలోని మందు ఏ కంపెనీదైనా కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర దాటకూడదు. మీ రెండు ఫిట్స్ మందులూ అందులో ఉన్నాయి. జాబితాలో లేని మందుల ధరను కంపెనీ ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. ఫార్మా సహీ దామ్ అనే ప్రభుత్వ యాప్‌లో మీ బ్రాండు ధర చూసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, 33 ప్రాణరక్షక మందులకి పూర్తిగా ఎత్తేశారు. డైపర్ల మీద కూడా 5కే వచ్చింది. మీరు డైపర్ల ఖర్చు బిల్లులో రాయలేదు, చాలామంది రాయరు, అది మందుల్లో కలవదు కదా. ఏడాదికి చూస్తే అది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు కార్డులు. ఆంధ్రా ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ, పాత పేరు ఆరోగ్యశ్రీ, బెంగళూరులో కూడా కొన్ని ఆసుపత్రుల్లో చెల్లుతుంది, 2019 నవంబరు నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరులకి విస్తరించారు. కానీ అది ఆపరేషన్లకీ ఆసుపత్రిలో చేరే చికిత్సలకీ. నెలనెలా కొనే మందులకి అందులో డబ్బు రాదు. దాని మీద ఆశ పెట్టుకుని తిరగొద్దు.

మీకు నిజంగా పనికొచ్చేది నిరామయ. ఇది కేంద్రంలోని నేషనల్ ట్రస్టు నడిపే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే. లక్ష రూపాయల దాకా కవరేజీ. చేరడానికి వైద్య పరీక్షలు లేవు, వయసు పరిమితి లేదు, ఉన్న జబ్బని తోసేయరు. దారిద్య్రరేఖకి దిగువ ఉన్నవాళ్ళకి 250, మిగతావాళ్ళకి 500 రూపాయలు కట్టాలి, ఏటా రెన్యువల్ 50, 250. మామూలు బీమాలకీ దీనికీ పెద్ద తేడా, ఆసుపత్రిలో చేరకపోయినా ఓపీ మందులకీ, పరీక్షలకీ, థెరపీకీ డబ్బు తిరిగిస్తుంది. ఒక్కోదానికి లోపల విడిగా పరిమితి ఉంటుంది, కాబట్టి లక్షంతా మందులకే వాడుకుందామంటే కుదరదు. అయినా ఏడాది మందుల ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క. నడి ఏడాదిలో చేరితే మిగిలిన నెలలకే వర్తిస్తుంది, అందుకే మార్చి లోపు కాగితాలు సిద్ధం చేసుకోండి. నేషనల్ ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి. ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటకలో గానీ, లింగరాజపురంలోని ఏపీడీ అనే దివ్యాంగుల సంస్థలో గానీ అడిగితే దారి చూపిస్తారు. క్లెయిమ్‌లో తిరస్కరణకి గురయ్యేవి ఎక్కువగా కాగితాల వల్లే. బిల్లు మీద బాబు పేరు ఉండాలి, మీ పేరో మీవారి పేరో కాదు. బిల్లులోని మందు, చీటీలోని మందు ఒకటే కావాలి, చీటీ తేదీ బిల్లు కంటే ముందుండాలి. ఒరిజినల్ పంపే ముందు ఫోటోలు తీసుకోండి, షాపు బిల్లుల అక్షరాలు ఆరునెలల్లో తెల్లగా చెరిగిపోతాయి.

సదరం సర్టిఫికెట్టుతో ఆగిపోకండి, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. సదరం మన తెలుగు రాష్ట్రాల పద్ధతి, బెంగళూరు కౌంటర్లో దాన్ని చూసి తికమకపడతారు. యూడీఐడీ దేశమంతా ఒకటే. స్వావలంబన్ పోర్టల్లో దరఖాస్తు చేయొచ్చు.

పింఛను వస్తోందో లేదో మీరు రాయలేదు. ఆంధ్రాలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్ళకి 15,000. మీకు మదనపల్లెలో రేషన్ కార్డు, బాబు పేరూ ఉంటే సచివాలయంలో కనుక్కోండి. ఈ ఒక్క పింఛనుతోనే, సవరించిన చీటీతో, మీ మందుల ఖర్చు చాలావరకు గట్టెక్కుతుంది. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన చేసి చాలామందికి నోటీసులిచ్చారు. మీకూ వచ్చి ఉంటే ఊళ్ళో లేమని వదిలేయకండి, పిలిచిన తేదీకి బాబుని తీసుకెళ్ళండి.

ప్రభుత్వ ఆసుపత్రి దారి గురించి. మెదడు, నరాల వైద్యానికి నిమ్హాన్స్ పేరు మీకు తెలుసు, దాని దగ్గర్లోనే ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ ఉంది. రెండు చోట్లా రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్ళాలి, ఒక పూట జీతం పోతుంది. అయినా ఒకసారి అక్కడ చూపించుకోవడం మంచిదంటాను. ఒక కారణం, చీటీలో అనవసరమైనవి ఉంటే అక్కడ నిర్మొహమాటంగా కొట్టేస్తారు. రెండోది, అక్కడి సోషల్ వర్కర్‌ని కలవొచ్చు. రేషన్ కార్డు, యూడీఐడీ, జీతం కాగితం పట్టుకెళ్ళి మీ పరిస్థితి చెప్పండి. రాయితీలు ఎవరికి ఎంత అన్నది అక్కడే తేలుతుంది, బిల్లింగ్ కౌంటర్లో కాదు. నెలనెలా అంత దూరం వెళ్ళక్కర్లేదు. చీటీ ఒకసారి స్థిరపడ్డాక ప్రాథమిక ఫిట్స్ మందులు మీ కేఆర్ పురం జనరల్ ఆసుపత్రి ఫార్మసీలో ఉన్నాయేమో అడిగి చూడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్లో ఆదాయ పరిమితికి లోబడి మందులు ఉచితంగా ఇచ్చే పథకాలుండాలని స్పష్టంగా రాశారు. చట్టంలో ఉన్నంత ధారాళంగా కౌంటర్లో ఉండదు. కానీ అడిగేటప్పుడు దానమడుగుతున్నట్టు తగ్గి అడగక్కర్లేదు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం. ఇంట్లో ఎవరి జీతమైనా నెలకి 21,000 లోపుంటే, ఉద్యోగికే వైకల్యం ఉంటే 25,000 లోపుంటే, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. గార్మెంట్స్‌లో, సెక్యూరిటీలో పనిచేసే మన అనంతపురం, చిత్తూరు వాళ్ళలో చాలామందికి జీతంలో 0.75 శాతం కోసుకుంటున్నారని కూడా తెలీదు. వైకల్యమున్న పిల్లలు పూర్తిగా మీ మీదే ఆధారపడి ఉంటే వయసుతో పనిలేకుండా కుటుంబం కిందికే వస్తారు, రాజాజీనగర్, ఇందిరానగర్, పీణ్య ఈఎస్ఐ ఆసుపత్రుల్లో మందులకి డబ్బు కట్టక్కర్లేదు.

ఆదాయపు పన్ను గురించి రెండు ముక్కలు. ఆదాయపు పన్ను చట్టంలో (1961 చట్టంలో ఇది 80డీడీ సెక్షను) వైకల్యమున్న కుటుంబ సభ్యుడి కోసం 75,000, వైకల్యం 80 శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. అసలు ఖర్చు ఎంతైనా ఆ మొత్తం అంతే. సెరిబ్రల్ పాల్సీకి దాని వైద్య ధ్రువీకరణ ఫారం (1961 చట్టం కింద 10ఐఏ) న్యూరాలజిస్టుతోనో సివిల్ సర్జనుతోనో సంతకం చేయించాలి. అయితే ఇది పాత విధానంలోనే. మీవారి ఆదాయం పన్నెండు లక్షల లోపైతే కొత్త విధానంలో అసలు పన్నే పడదు, దీని కోసం తల బద్దలుకొట్టుకోవద్దు.

మీ ప్రశ్న కిందే ఒకరు తమ్ముడి స్కిజోఫ్రెనియా మందుల గురించి అడిగారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను ప్రకారం జాబితాలోని మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ స్థాయి నుంచి పైనున్న ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలి, ఆదాయంతో సంబంధం లేదు. ఎక్కడికెళ్ళాలో తెలీకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకరు ఎస్‌ఎంఏ (కండరాలు క్షీణించే అరుదైన జన్యు జబ్బు) ఉన్న పాప గురించి అడిగారు. అక్కడ లెక్కలు వేరు. రిస్డిప్లామ్ అనే మందు సీసా ఆరు లక్షల పైన ఉండేది. పేటెంటు మీద రోష్ కంపెనీతో ఢిల్లీ హైకోర్టులో, సుప్రీంకోర్టులో నడిచిన వ్యవహారం తర్వాత 2025 అక్టోబరులో మన హైదరాబాద్ నాట్కో దాన్ని 15,900కి తెచ్చింది. పాత ధర చూసి వదిలేసుకున్నవాళ్ళు మళ్ళీ డాక్టర్ని కలవండి. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది, గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే. బెంగళూరులో అది సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి కలిసి చూస్తాయి.

చివరగా మీ చీటీలో లేనిది ఒకటి. ఐదు నిమిషాలకి మించి ఫిట్స్ ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే గురించి డాక్టర్ని అడగండి. దానికి చీటీ తప్పనిసరి, షాపులో రిజిస్టర్లో రాసుకునే ఇస్తారు. ఒకటి ఇంట్లో, ఒకటి బడి సంచీలో ఉండాలి. ఎన్ని స్ప్రేలు కొట్టాలో బరువుని బట్టి డాక్టరు చేత సీసా మీదే రాయించండి, టీచరుకి కూడా చూపించండి. కొన్నాక వాడకుండానే గడువు దాటిపోవచ్చు, అప్పుడు పారేసి కొత్తది కొనాల్సిందే. టానిక్కుల మీద మిగిలే డబ్బులో మొదటి ఖర్చు దీనికి పెట్టండి. చీటీ మారాక ఏం ఉంచారో ఏం తీసేశారో ఇక్కడే రాయండి, ధరలు చూసి చెప్తాను.